జగదల్‌పూర్‌కు మూడు దారులు

‘గోదావరికి ఆవల’ ధారావాహిక – ఆరో భాగం

కిందటి భాగాన్ని గుండ్లకమ్మ ఒడ్డున ఆపాం. ధాత కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే ఒంగోలు బాప్టిస్టు మిషన్ పెద్ద జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు పట్టాడు. వేలమందికి కూలి దొరికింది. ఆ కూలీలు గుంపులుగా వచ్చి మతం పుచ్చుకుంటామంటే మాత్రం ఆయన ఒప్పుకోలేదు. డబ్బు తన చేతి మీదుగా వెళ్తున్నన్నాళ్ళూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు. ఏడాదికి పైగా ఆ మాట మీదే నిలబడ్డాడు. కరువు పనులు ముగిశాక, 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది ఆ నదిలో దిగి బాప్తిస్మం పొందారు. కొద్ది నెలల్లో లెక్క 9 వేలు దాటింది.

క్లౌ పట్టుదల వెనక ఒక భయం ఉంది. అన్నం పెట్టిన చెయ్యీ, నీళ్ళలో ముంచి లేపిన చెయ్యీ ఒకటే అయితే వచ్చినవాడు దేవుణ్ణి నమ్ముకుని వచ్చాడో గంజిని నమ్ముకుని వచ్చాడో ఎవరు తేల్చగలరు? ఆకలి తీర్చడం మంచి పనే. కానీ ఆ మంచి పనే విశ్వాసానికి ఎర అయితే రెండూ చెడతాయి. ఇదే భయం ఈ భాగంలో గోదావరి దాటి బస్తర్ అడవుల్లోకి వస్తుంది.

విశ్వాసానికీ సత్క్రియలకీ పొత్తు ఏమిటన్న తగవు క్రైస్తవంలో మొదటి తరం నుంచీ ఉంది. మనిషి దేవుని ఎదుట నీతిమంతుడయ్యేది విశ్వాసం వల్లే, ధర్మశాస్త్రం చెప్పిన క్రియల వల్ల కాదని రోమా సంఘానికి రాసిన పత్రికలో పౌలు వాదిస్తాడు. క్రియల్లో కనబడని విశ్వాసం ఉన్నా లేనట్టేనని యాకోబు పత్రిక గట్టిగా అంటుంది. చిత్రమేమిటంటే ఇద్దరూ సాక్షిగా పిలిచేది అబ్రాహామునే. పదిహేను వందల ఏళ్ళ తర్వాత మార్టిన్ లూథర్ పౌలు పక్షం పట్టి, పాపక్షమాపణ పత్రాలు అమ్ముకుంటున్న చర్చి మీద 1517లో తిరగబడ్డాడు. యాకోబు పత్రికను గడ్డితో పోల్చి పక్కన పెట్టాడు. రోమ్ తరఫున ట్రెంట్ మహాసభ 1547లో జవాబిచ్చింది: మొదలు కృపే, అయితే మనిషి ఆ కృపకు తోడై నడవాలి, సత్క్రియలతో అందులో ఎదగాలి. ఈ విషయంలో ఇక ఒకరినొకరం ఖండించుకోనక్కర్లేదని లూథరన్లూ కాథలిక్కులూ ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేయడానికి 1999 అక్టోబర్ 31 దాకా పట్టింది. మెథడిస్టులు 2006లో అందులో చేరారు. ఈ ముగ్గురూ మన కథలోకి వస్తారు. ఇద్దరు ఇప్పుడు, ఒకరు వచ్చే భాగంలో.

అప్పటి బస్తర్ సంస్థానం విస్తీర్ణం సుమారు 13 వేల చదరపు మైళ్ళు. ఇవాళ్టి కేరళ కంటే కాస్తే చిన్నది. 1901 జనాభా లెక్కల్లో అక్కడున్నవాళ్ళు 3 లక్షల చిల్లర. రాజధాని జగదల్‌పూర్, ఇంద్రావతి ఒడ్డున. రాజవంశం తమది ఓరుగల్లు కాకతీయుల రక్తమని చెప్పుకునేది. ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఓరుగల్లు పతనమయ్యాక దంతేశ్వరి అమ్మవారిని వెంటబెట్టుకుని ఈ అడవులకు వచ్చాడన్నది వాళ్ళ కథ. దక్షిణాన కోంటా, భోపాలపట్నం వైపు సంతల్లో తెలుగు వినబడేది, ఇప్పటికీ వినబడుతుంది. అక్కడి దోర్లలూ మన భద్రాచలం ఏజెన్సీ కోయలూ దగ్గరి బంధువులు. తీరం నుంచి ఉప్పు బంజారాల ఎద్దుల మీద ఎక్కివచ్చేది. అడవి నుంచి చింతపండు, లక్క, మైనం దిగివెళ్ళేవి. ఉప్పు వచ్చిన వైపు నుంచే సువార్త కూడా వచ్చింది.

మొదటి దారి దుమ్ముగూడెం

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌కు ఇంకో కల ఉండేది: ఎగువ గోదావరిని కూడా పడవలకు తెరవాలి, మధ్య రాష్ట్రాల పత్తిని నీటి మీద సముద్రానికి దించాలి. నదిలో రాతి గుండ్లు అడ్డొచ్చే దుమ్ముగూడెం దగ్గర ఆ పనులు సాగాయి. పనుల మీదున్న ఇంజనీరు కెప్టెన్ ఎఫ్.టి. హేగ్ భక్తిపరుడు. ఆయన కచేరీలో పనిచేసే వెంకటరామరాజు క్రైస్తవం పుచ్చుకున్నాడు. ఆ ఇద్దరి చొరవతోనే 1860ల మొదట్లో చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున కోయల మధ్య సువార్త పని మొదలైంది. తర్వాత రాజుగారే అభిషేకం పొంది కోయల అయ్యగారయ్యాడు.

1871లో ప్రభుత్వం నౌకాయాన పథకాన్ని వదిలేసింది. కూలీలు వెళ్ళిపోయారు, సరుకు వెళ్ళిపోయింది, ఇంజనీర్లు బదిలీ అయ్యారు. మిషన్ మాత్రం మిగిలింది. ఆ తర్వాత వచ్చిన జాన్ కెయిన్ దుమ్ముగూడెంలోనే ఏళ్ళ తరబడి ఉండిపోయి, కోయల భాష నేర్చుకుని వాళ్ళ ఆచారాల గురించి రాశాడు. నదికి ఆవల కోయలకు బస్తర్ కోయలతో ఇచ్చిపుచ్చుకోవడాలున్నాయి కాబట్టి ఈ కబురు పొలిమేర దాటే ఉంటుంది. కానీ సంస్థానం లోపల స్థావరం వేయడం దుమ్ముగూడెం వల్ల కాలేదు.

అదే గోదావరికి కింది కొసన, నర్సాపురం, పాలకొల్లు ప్రాంతంలో, 1836 నుంచి ఇంకో రకం మిషన్ ఉంది. దాన్ని ఇక్కడ తలుచుకోవాలి, ఎందుకంటే మూడో దారి పట్టిన మనిషిని అర్థం చేసుకోవడానికి అది పనికొస్తుంది. ఎక్సెటర్ పట్టణంలో పంటి వైద్యం మానేసి వచ్చిన ఆంథొనీ గ్రోవ్స్, విలియం బౌడెన్, జార్జ్ బియర్ అనే ఇద్దరిని భార్యలతో సహా వెంటబెట్టుకొచ్చి అక్కడ దింపాడు. వాళ్ళకు జీతమిచ్చే సొసైటీ ఏదీ లేదు. దేవుడు పంపిస్తే తింటారు. గ్రోవ్స్ చెల్లెలి భర్త బ్రిస్టల్ నగరంలో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్. చందా ఇమ్మని ఎవర్నీ అడగకుండా ప్రార్థన మీదే రెండు వేలమంది పిల్లల్ని ఒకేసారి పోషించగలిగిన ఆ ముల్లర్ పేరు 19వ శతాబ్దపు మిషనరీలందరికీ కొండగుర్తు. విశ్వాసం అనే మాటకు వీళ్ళు ఇచ్చిన అర్థం చాలా ఆచరణాత్మకమైనది: రేపటి బియ్యం ఎక్కడిదో తెలియకుండా ఇవాళ పొయ్యి వెలిగించడం.

రెండో దారి సాలూరు దగ్గర మళ్ళింది

ఉత్తర జర్మనీలో బ్రెక్లుమ్ అనే చిన్న ఊళ్ళో క్రిస్టియన్ యెన్సెన్ అనే పాస్టర్ 1876లో ఒక మిషన్ సంస్థ పెట్టాడు. రైతులు, పల్లెటూళ్ళవాళ్ళు పైసా పైసా కూడబెట్టి నడిపిన సంస్థ. వాళ్ళు మొదట పంపిన ఇద్దరు, ఎర్న్‌స్ట్ పోల్, హెర్మన్ బోత్‌మన్, బస్తర్‌నే గురిగా పెట్టుకుని బయల్దేరారు. రాజమండ్రిలో అప్పటికే పాతుకున్న లూథరన్ మిషన్ అండతో అడవుల్లోకి వెళ్ళారు. బస్తర్ రాజు దగ్గర ఉండడానికి అనుమతి దొరకలేదు. వెనక్కి తిరిగి, 1882లో సాలూరులో దిగారు. అక్కడి నుంచి ఘాట్ ఎక్కి కోరాపుట్, జయపురం వైపు పని విస్తరించారు. ఇవాళ ఒడిశాలో ఉన్న జయపురం ఎవాంజెలికల్ లూథరన్ చర్చి ఆ తిరుగుదారిలో పుట్టిందే.

రాజు ఎందుకు వద్దన్నాడో ఊహించడం కష్టం కాదు. బస్తర్ గద్దె దంతేశ్వరి పేరు మీద నడిచేది. రాజు అమ్మవారి మొదటి పూజారి. డెబ్బై అయిదు రోజుల దసరాలో పరగణాల దేవుళ్ళన్నీ జగదల్‌పూర్ చేరి రాజును మళ్ళీ రాజుగా ఒప్పుకుంటాయి. అలాంటి చోట వేరే దేవుడికి మొక్కే మనిషిని ఊళ్ళో కూర్చోబెట్టడం మత విషయం ఒక్కటే కాదు, గద్దె కాళ్ళను తడిమి చూడటం కూడా. పైగా 1876లో మురియాలు దివాన్ల జులుం మీద తిరగబడి రాజునే చుట్టుముట్టిన జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉంది. కొత్త తలనొప్పి ఎవరికి కావాలి?

పోల్, బోత్‌మన్ లూథర్ బిడ్డలు. క్రియల వల్ల రక్షణ రాదన్నది వాళ్ళకు ఉగ్గుపాలతో వచ్చిన పాఠం. అయినా కోరాపుట్ కొండల్లో వాళ్ళూ, తర్వాత వచ్చినవాళ్ళూ చేసింది చూస్తే బడులు, మందులు, కుష్ఠురోగుల సేవ. రక్షణకు ఇవి అక్కర్లేదని నమ్ముతూనే ఇవి లేకుండా ఒక్క రోజూ ఉండలేకపోయారు. నాకు ఇందులో వైరుధ్యం కనబడదు. రక్షణ సంపాదించుకోవాలన్న బెంగ తీరినవాడికి చేతులు ఖాళీ అవుతాయి, ఆ ఖాళీ చేతులు పొరుగువాడికి పనికొస్తాయి అన్నదే లూథర్ అసలు ఉద్దేశం. పుస్తకంలో తగవుగా కనబడింది మలేరియా కొండల్లో తగవుగా మిగల్లేదు.

మూడో దారి ఎల్లందు నుంచి

జగదల్‌పూర్ తలుపు తీసినవాళ్ళు మెథడిస్టులు. వాళ్ళ మూలపురుషుడు జాన్ వెస్లీ కథ ముందు చెప్పాలి, లేకపోతే చార్లెస్ వార్డ్ ఎవరో అర్థం కాడు.

వెస్లీ ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న రోజుల్లో స్నేహితుల్ని కూడగట్టి జైళ్ళకు వెళ్ళేవాడు, ఖైదీలకు చదివి వినిపించేవాడు, ఉపవాసాలుండేవాడు, చేతిలో ఉన్నది పంచేవాడు. ఇన్ని చేసినా మనశ్శాంతి లేదు. అమెరికాలోని జార్జియాకు మిషనరీగా వెళ్ళి విఫలమై తిరిగొచ్చాడు. 1738 మే 24 సాయంత్రం లండన్‌లో ఒక కూడికలో ఎవరో రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట చదువుతుంటే, క్రీస్తు మీద భారం వేయడం అంటే ఏమిటో తనకు తొలిసారి తెలిసివచ్చిందని రాసుకున్నాడు. విశ్వాసం క్రియలకు ముందు అని ఆ రాత్రి ఒప్పుకున్నాడు. రెండేళ్ళు గడిచేసరికి, లండన్‌లోనే తాను చేరిన ఫెటర్ లేన్ కూడికలో కొందరు విశ్వాసం కలిగేదాకా ప్రార్థనా వద్దు, సేవా వద్దు, కదలక కూర్చోవాలని చెప్పడం మొదలుపెడితే వెస్లీ వాళ్ళతో తెగదెంపులు చేసుకుని బయటికి వచ్చేశాడు. ఆ తర్వాత న్యూకాసిల్‌లో అనాథగృహం, లండన్‌లో ఉచిత మందుల కేంద్రం, కింగ్స్‌వుడ్‌లో బడి. ఈ మూడే, దాదాపు ఇదే వరసలో, నూట యాభై ఏళ్ళ తర్వాత తెలంగాణలోనూ బస్తర్‌లోనూ ప్రతి మెథడిస్టు కాంపౌండులో కనబడతాయి.

1870లో భారతదేశం వచ్చిన అమెరికన్ మెథడిస్టు ప్రసంగి విలియం టేలర్ ఇంకో మెట్టు ఎక్కాడు. న్యూయార్క్ నుంచి జీతం తెప్పించుకోవద్దు, సంఘం పోషిస్తే తినాలి, లేకపోతే పస్తుండాలి అన్నాడు. ఆ పిలుపు విని 1876లో వచ్చిన యువకుల్లో చార్లెస్ బి. వార్డ్ ఒకడు. కాలు పెట్టిన కొద్ది నెలలకే ధాత కరువు. బళ్ళారి, రాయచూరు, గుల్బర్గా ప్రాంతాల్లో రోడ్ల పక్కన పిల్లలు ఒంటరిగా మిగిలిపోతున్నారు. వార్డ్ వాళ్ళను చేరదీశాడు. 1879 ప్రాంతంలో నిజాం రాజ్యంలోని గుల్బర్గాలో విశ్వాసం మీద నడిచే అనాథాశ్రమం తెరిచాడు. పిల్లల్లో తెలుగువాళ్ళు ఎక్కువ. ముల్లర్ బ్రిస్టల్‌లో చేసింది ఇక్కడ చేయాలన్నది ఆశ.

బ్రిస్టల్ వేరు, గుల్బర్గా వేరు. బ్రిస్టల్‌లో చందాలిచ్చే మధ్యతరగతి ఇళ్ళు మైలు దూరంలో ఉంటాయి. ఇక్కడ పొరుగు ఊరు కూడా కరువులోనే ఉంది. జొన్నలు కొనాలి, విసరాలి, కట్టెలు కొట్టాలి, బావి తోడాలి, గజ్జి పట్టిన ఒళ్ళకు వేపాకు నీళ్ళు పోయాలి, రాత్రి జ్వరం వచ్చిన పిల్ల పక్కన ఎవరో ఒకరు మేలుకోవాలి. విశ్వాసం అనే మాట నివేదికల్లో అమెరికన్ మిషనరీ పేరున నమోదైంది. విసిరినవాళ్ళు, తోడినవాళ్ళు, మేలుకున్నవాళ్ళు తెలుగు ఆడవాళ్ళు, తెలుగు మగవాళ్ళు. ఆ కాలపు మిషన్ నివేదికల్లో దొరల పేర్లు ఇంటిపేర్లతో సహా ఉంటాయి, దేశీ సహాయకులు మాత్రం ఇంతమంది అని అంకెల్లో ఉంటారు. ఈ ధారావాహిక రాస్తున్నంతసేపూ నన్ను బాధిస్తున్నది అదే. సత్క్రియల చరిత్ర రాయబోయి, క్రియ చేసిన చేతుల పేర్లు పోగొట్టుకున్నాం.

ఎల్లందులో బొగ్గు బయటపడటం ఈ కథను మలుపు తిప్పింది. 1870ల మొదట్లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ గుర్తించిన ఆ పొరలను తవ్వడానికి కంపెనీ దిగింది, డోర్నకల్ నుంచి రైలు వచ్చింది, అడవి మధ్యలో ఊరు లేచింది. మెథడిస్టు మిషన్ కూడా అక్కడ మకాం పెట్టింది. గని పట్నమంటే గాయాలు, కల్లు, కలరా, నాలుగు భాషల కూలీలు. ఎల్లందు నుంచి తూర్పుకు చూస్తే భద్రాచలం, ఈశాన్యానికి చూస్తే బస్తర్. 1890ల మొదటి ఏళ్ళలో వార్డ్ గోదావరి దాటి, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటి సిరోంచలోనూ, బస్తర్ నడిబొడ్డున జగదల్‌పూర్‌లోనూ మిషన్ కేంద్రాలు తెరిచాడు. ఈ మూడు ఊళ్ళూ మెథడిస్టుల పటం మీద గోదావరి జిల్లా పేరున ఒకే కట్టలో ఉండేవి. ఇవాళ వాటి మధ్య మూడు రాష్ట్రాల సరిహద్దులున్నాయి.

పదేళ్ళ కింద లూథరన్లకు మూసుకున్న తలుపు వీళ్ళకెందుకు తెరుచుకుంది? కాలం మారింది. 1891లో భైరమ్‌దేవ్ రాజు పోయాడు. వారసుడు రుద్రప్రతాప్‌దేవ్ పసివాడు. పాలన పగ్గాలు బ్రిటిష్ అధికారుల చేతికి వచ్చాయి. బడి, ఆసుపత్రి, రోడ్డు అనే మాటలు కచేరీలో చలామణి అవుతున్న సమయం. బడి పెడతాం, మందులిస్తాం అన్నవాళ్ళకు సంస్థానం స్థలమిచ్చింది. విశ్వాసాన్ని ప్రకటించడానికి వచ్చినవాళ్ళను లోపలికి రానిచ్చింది వాళ్ళ క్రియల జాబితా. ఇది గుర్తుపెట్టుకోవాలి, తర్వాత వచ్చిన చిక్కులన్నీ ఇక్కడే మొలకెత్తాయి.

సంత రోజు

ఆ రోజుల్లో ఎల్లందు నుంచి జగదల్‌పూర్‌కు ఎద్దుబండి ప్రయాణం వారాల మాట. శబరిలో నీళ్ళుంటే బళ్ళు ఆగిపోయేవి. వానాకాలం నాలుగు నెలలు దారులే ఉండేవి కావు. అలా చేరిన తెలుగు సువార్తికుడికి మొదటి కష్టం మాట. దక్షిణ బస్తర్ దాటితే తెలుగు పనికిరాదు. గోండి ఊరూరికీ మారుతుంది. అందరికీ అర్థమయ్యే సంత భాష హల్బీ. హల్బీ రానివాడు వాక్యం చెప్పలేడు, ఉప్పు కూడా కొనలేడు.

పని జరిగేది సంతలోనే. వారానికోసారి చుట్టుపక్కల ఇరవై ఊళ్ళు ఒక మర్రి కింద చేరతాయి. ఆడవాళ్ళు దొప్పల్లో చింతపండు, ఇప్పపువ్వు, చార పప్పు తెచ్చి ఉప్పుకూ పొగాకుకూ మార్చుకుంటారు. సువార్తికుడు ఒక పక్క చాప పరిచి బొమ్మల పటాలు తగిలిస్తాడు, పాట ఎత్తుకుంటాడు. జనం పాట విని నిలబడతారు. కథ విని నవ్వుతారు, తలూపుతారు, వెళ్ళిపోతారు. తిరిగి వచ్చేది కాలి పుండు చూపించడానికి. వానాకాలంలో పొలాల్లో తగిలిన గాయాలు మాని మానక కుళ్ళుతుంటాయి. వేడినీళ్ళతో కడిగి, చీము తీసి, మందు రాసి గుడ్డ కట్టాలి. జ్వరానికి క్వినైన్ ఇవ్వాలి. ఆ చేదుకు మొహం చిట్లించినవాడే వచ్చే సంతకు ఇంకొకణ్ణి వెంటబెట్టుకొస్తాడు. చదువుకున్న వేదాంతంలో విశ్వాసం ముందు, క్రియ వెనక. సంతలో మర్రినీడన వరస తిరగబడింది. ముందు పుండు కట్టిన చెయ్యి కనబడింది. ఆ చెయ్యి వెనక ఎవరున్నారన్న ప్రశ్న, అడిగితే గిడితే, ఎన్నో సంతల తర్వాత వచ్చింది.

జగదల్‌పూర్‌లో ఆ కాలం మిగిల్చిన కట్టడం ఒకటి ఇప్పటికీ నిలబడి ఉంది. ఊళ్ళో అందరూ లాల్ చర్చి అంటారు. ఎర్ర ఇటుక గోడలు. సిమెంటు లేకుండా, గానుగ సున్నంలో మారేడు గుజ్జూ జిగురూ కలిపి కట్టారని చెప్పుకుంటారు. దశాబ్దాల తరబడి సాగిన కట్టుబడి 1933లో పూర్తయిందని స్థానికుల లెక్క. ఆ చర్చి అసలు పేరు చందయ్య మెమోరియల్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి. ఛత్తీస్‌గఢ్‌లో, హిందీ, హల్బీ మాట్లాడే సంఘం తలవాకిట ఒక తెలుగు పేరు. అంకెల్లో కలిసిపోయిన ఇంతమంది సహాయకుల్లో కనీసం ఒక్క పేరు ఇటుక గోడ మీదికి ఎక్కింది. వార్డ్ పేరున కాకుండా చందయ్య పేరున ఆ గుడి ఉండటం నాకు ఎంతో న్యాయంగా అనిపిస్తుంది.

భూమి ఒప్పుకోవాలి

ఇప్పటిదాకా మిషన్ వైపు నుంచి చూశాం. ఊరి వైపు నుంచి చూస్తే ఈ తగవు ఆకారమే మారిపోతుంది.

బస్తర్ పల్లెలో మతమంటే మాటి, అంటే నేల. నేలకు పూజారి ఉంటాడు. ఆయన విత్తనాల పండుగ చేసేదాకా ఎవరూ విత్తనం చల్లరు. మామిడి పండుగ అయ్యేదాకా ఎవరూ కొత్త మామిడికాయ కొరకరు. కొత్త ధాన్యం దేవుడికి పెట్టకుండా నోట పెట్టరు. మన ఏజెన్సీ కోయల కొత్తల పండుగ తెలిసినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఇక్కడ ఎవరేం నమ్ముతున్నారని ఎవరూ అడగరు. అందరూ కలిసి చేశారా లేదా అన్నదే ప్రశ్న. ఒక ఇల్లు తన వంతు బియ్యం, తన వంతు కోడి ఇవ్వకపోతే నేల అలిగేది ఆ ఇంటి మీద ఒక్కదాని మీదే కాదు, ఊరంతటి మీద. వాన రాకపోతే, పులి తిరిగితే, అమ్మవారు పోస్తే ఆ ఇంటివైపే వేళ్ళు చూపిస్తారు.

ఈ ఊళ్ళో ఒకడు క్రీస్తును నమ్మాడనుకోండి. మనసులో ఏం జరిగిందో పొరుగువాడికి కనబడదు. కనబడేది అతడు మానేసినవి: పండుగకు వంతు మానేశాడు, దేవుడు పూనే సిర్హా దగ్గరికి వెళ్ళడం మానేశాడు, దేవుడికి పోసిన సారా ముట్టడం మానేశాడు. పౌలు ధర్మశాస్త్ర క్రియల నుంచి విడుదల అన్నది బస్తర్‌లో ఊరి క్రియల నుంచి తప్పుకోవడంగా అర్థమైంది. అతడికి అది స్వేచ్ఛ. ఊరికి అది వంతు ఎగ్గొట్టడం. రెండు వైపులా నిజాయితీ ఉన్న ఈ చిక్కును మిషన్ నివేదికలు మూఢనమ్మకమని కొట్టిపారేశాయి. అది వాళ్ళు చేసిన పెద్ద పొరపాటని నా అభిప్రాయం. ఊరు అడుగుతున్నది క్రైస్తవంలోనే ఉన్న ప్రశ్న: నీ విశ్వాసం నీ పొరుగువాడికి ఏం చేసింది?

1910 ఫిబ్రవరిలో బస్తర్ మండింది. మామిడి కొమ్మ, ఎర్ర మిరపకాయలు, మట్టిగడ్డ, బాణం ఊరి నుంచి ఊరికి చేతులు మారాయి. అందుకున్న ఊరు లేవాలన్నది ఒప్పందం. నాయకుడు గుండాధుర్ పేరు అడవంతా మారుమోగింది. రాజవంశీకుడు లాల్ కలేంద్ర సింగ్ వెనక నిలబడ్డాడు. దీన్నే భూమ్‌కాల్ అంటారు. కారణాలు ఒకటా రెండా: రిజర్వు అడవుల పేరుతో పోడు మీద ఆంక్షలు, వెట్టి, అధికారులకు ఉచితంగా సరుకులు ఇచ్చుకోవడం, ఇంట్లో కాచుకునే సారా మీద కాంట్రాక్టర్ల పెత్తనం. వీటితోపాటు దివాన్ పండా బైజ్‌నాథ్ జోరుగా నడిపిన బళ్ళు. పోలీసు ఠాణాలు, సంతల్లో వ్యాపారుల కొట్లతోపాటు తిరుగుబాటుదార్లు బడి కొట్టాలను కూడా తగలబెట్టారు.

బడిని ఎందుకు కాల్చారు? ఆ బడిని కట్టింది వాళ్ళే, వెట్టిలో. పిల్లల్ని పంపకపోతే దెబ్బలు. మేస్టరు తన ఇంటికి కట్టెలూ కోళ్ళూ ఊరి మీద వేసేవాడు. ఇవి సంస్థానం బళ్ళు, మిషన్ బళ్ళు కావు. అయినా ఆ మంటలు మిషన్‌కు చెప్పిన కబురు చిన్నది కాదు. తెల్లదొర పెట్టిన బడికీ, తెల్లదొరల ప్రభుత్వం పెట్టిన బడికీ తేడా అడవిలో ఎంతమందికి కనబడుతుంది? చేసేవాడి లెక్కలో సత్క్రియ అయినది చేయించుకునేవాడి లెక్కలో జులుం కావచ్చు. క్రియ మంచిదా కాదా అని తేల్చే హక్కు దాన్ని భరించేవాడికి ఉందని భూమ్‌కాల్ చెప్పినంత గట్టిగా ఏ మహాసభా చెప్పలేదు.

తిరుగుబాటును సైన్యం అణచేసింది. ఊళ్ళకు ఊళ్ళను కొరడాలతో కొట్టించారు. గుండాధుర్ దొరకలేదు. సంస్థానం రిజర్వు అడవుల మీద కొంత వెనక్కి తగ్గింది. జగదల్‌పూర్ మిషన్ కాంపౌండులో బడి, మందుల గది మళ్ళీ నడిచాయి. అయితే సంఘం పెరిగిన తీరు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఒంగోలులో మాల మాదిగ పల్లెలు పల్లెలుగా కలిసినట్టు ఇక్కడ జరగలేదు. పట్నంలో, కాంపౌండు చుట్టూ, అనాథలుగా పెరిగినవాళ్ళతో, బయటి నుంచి వచ్చినవాళ్ళతో, ఊరు వదిలి వచ్చిన కొద్ది ఆదివాసీ కుటుంబాలతో అది నెమ్మదిగా కూడింది. ఒంగోలు వైపు కలిసిన పల్లెకు కులం పెట్టిన కట్లు తెగితే పోయేదేమీ లేదు, వచ్చేదే ఎక్కువ. బస్తర్ రైతుకు తన ఊరి నేలతో కట్టు తెగితే మిగిలేది తక్కువ. క్లౌ భయపడిన గంజి క్రైస్తవులు ఇక్కడ పెద్దగా తయారుకాకపోవడానికి ఇదొక కారణం. మందు పుచ్చుకుని దండం పెట్టి ఇంటికెళ్ళినవాళ్ళే ఎక్కువ. మందిచ్చినవాళ్ళలో చాలామంది దానికే తృప్తిపడి మళ్ళీ వచ్చే సంతకు గుడ్డ చింపి సిద్ధం చేసుకున్నారు. ఆ సంఖ్య ఏ నివేదికలోనూ విజయాల కింద రాదు. నా దృష్టిలో జగదల్‌పూర్ మిషన్ చరిత్రలో లెక్క పెట్టదగ్గది అదే.

స్వతంత్రం వచ్చాక బస్తర్ సంస్థానం మధ్యప్రదేశ్‌లో కలిసింది. బడి, ఆసుపత్రి, అనాథాశ్రమం సేవ కిందికి వస్తాయా, ప్రలోభం కిందికి వస్తాయా అన్న ప్రశ్న ఇక చర్చి గోడల మధ్య ఉండిపోలేదు. ప్రభుత్వం 1954లో నియమించిన నియోగి కమిటీ ఊరూరా తిరిగి అదే అడిగింది. 1968లో మతమార్పిడుల మీద చట్టం వచ్చింది. 1977లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందంది. ఈలోగా కేరళ నుంచి సిరో మలబార్ కాథలిక్ గురువులు బస్తర్ చేరారు. 1972లో జగదల్‌పూర్ కేంద్రంగా వాళ్ళ మేత్రాసన ప్రాంతం ఏర్పడింది. ట్రెంట్ మహాసభ వారసులు, లూథర్‌కు మూసుకున్న ఊళ్ళో, వెస్లీ శిష్యుల పొరుగున మకాం వేశారు. నియోగి కమిటీ ముందు ఎవరు ఏం వాదించారు, కేరళ గురువులు వార్డ్ మనుషుల కంటే భిన్నంగా ఏం చేశారు, 2025 జనవరిలో ఒక క్రైస్తవుడి సమాధికి సొంత ఊళ్ళో చోటు ఉందా లేదా అన్న వ్యాజ్యం దర్భా దగ్గరి పల్లె నుంచి సుప్రీంకోర్టు దాకా ఎందుకు వెళ్ళింది, అక్కడ ఇద్దరు న్యాయమూర్తులు రెండు తీర్పులు ఎందుకు చెప్పారు అన్నవి ఏడో భాగంలో చూద్దాం.